నోరు కట్టారా?

ఆ మోటార్ల రిపేరు దుకాణంలో ఇద్దరు కోడళ్ళూ రెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఉన్నది ఒకటే బల్ల, ఒకటే మీటరు. కుర్చీలు ఎదురెదురుగా ఉంటాయి. పొద్దున్నే షట్టరు ఎత్తడానికి చెరో కొస పట్టుకుంటారు, అప్పుడు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

మాట్లాడుకోవడం లేదంటే మౌనంగా ఉన్నారనుకునేరు. నోళ్ళు ఊరుకుంటేగా. చిన్నకోడలికి చెప్పాల్సింది ఏదైనా ఉంటే చేతిలో ఉన్న మోటారుకి చెబుతుంది. "ఏమే మోటారూ, నీకు గ్రీజు పెట్టారా, లేక కళ్ళు నెత్తికెక్కి మరిచిపోయారా?" పెద్దకోడలు జవాబు గోడకి ఇస్తుంది. "కళ్ళు నెత్తికెక్కినా పరవాలేదు గానీ, అసలు కళ్ళే లేనివాళ్ళు కూడా సైటు పనులకి పోతున్నారు. చోద్యం కాకపోతే ఏమిటి?" ఇద్దరికీ మధ్య మామగారు కూర్చుని ఉంటారు. దుకాణం పెట్టింది ఆయనే. ఆయన చేతులకి వణుకు వచ్చి నాలుగేళ్ళయింది, నోటికి మాత్రం రాలేదు.

ఒకరు ఔనంటే రెండోవారు కాదనాల్సిందే. పోయిన నెలలో చిన్నకోడలు, ఎంత కాదన్నా మనిషి కదా, ఆ వార్నిష్ డబ్బా ఇప్పుడే పొయ్యి మీద నుంచి దించాను, వేడిగా ఉంది అని మోటారుకి చెప్పింది. పెద్దకోడలు గభాలున వెళ్ళి ఆ డబ్బానే రెండు చేతులా ఎత్తి, "వేడా? ఎక్కడ?" అంది. వారం రోజులు వేళ్ళకి కట్టు కట్టుకుని తిరిగింది, కానీ వేడి అన్న మాట నోట రానివ్వలేదు. అదీ వాళ్ళ పంతం.

ఇంతకీ తగువు ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే, ముందు ఆ మోటార్ల సంగతి ఒక ముక్క చెప్పాలి. ఇళ్ళకి వచ్చే మామూలు కరెంటుతో నడిచే మోటారుకి బలం ఉంటుంది గానీ బుద్ధి ఉండదు. స్విచ్ వేయగానే ఎటు తిరగాలో దానికి తెలియదు. నిలబడి మూలుగుతూ ఉంటుంది. అందుకని లోపల రాగి తీగతో రెండో చుట్ట ఒకటి చుట్టి, దానికి ఒక కెపాసిటర్ తగిలిస్తారు. ఆ చుట్టకి కరెంటు మొదటి చుట్ట కంటే క్షణంలో పిసరంత ముందు అందుతుంది. ఆ ముందు వెనకల తేడాతోనే, ఓహో ఇటు తిరగాలన్నమాట అని మోటారు కదులుతుంది. ఏసీలో ఫ్యానుకైనా, గ్యాసును నొక్కే కంప్రెసరుకైనా, వేడిగాలి ఊదే బ్లోయరుకైనా ఇదే కథ. కెపాసిటర్ చచ్చిందంటే మోటారు మళ్ళీ మూలుగు మొదలెడుతుంది. అప్పుడు ఫ్యాను రెక్కని పుల్లతో తోస్తే తిరుగుతుంది, కాకపోతే ఎటు తోస్తే అటే తిరుగుతుంది. ఆ ఇంటి కొడుకులిద్దరూ కెపాసిటర్ లేని మోటార్లేనని చిన్నకోడలి అభిప్రాయం. ఒకాయన లారీ తోలతాడు, ఒకాయన ఆఫీసులో సంతకాలు పెడతాడు, పొద్దున్నే ఎవరు ముందు తోస్తే సాయంత్రం దాకా అటే తిరుగుతారు. అందుకే ఈ కథలో వాళ్ళతో మనకి పని లేదు.

కెపాసిటర్‌కి ఇంకో గుణం ఉంది. మెయిన్ కట్టేసినా అది తాగిన కరెంటు ఒక్కోసారి కడుపులోనే దాచుకుంటుంది. తెలియక పిన్నులు తాకితే ఒక్క దెబ్బలో కక్కేస్తుంది. చదును నేల మీద అయితే చెయ్యి జివ్వుమని, బూతు ఒకటి నోట్లోంచి వచ్చి ఊరుకుంటుంది. నిచ్చెన మీద అయితే మనిషి కింద ఉంటాడు.

అందుకని మామగారు ఒక నియమం పెట్టారు. కెపాసిటర్ తీసినవాళ్ళు ముందు బల్బు తగిలించి లోపలిదంతా దించాలి. ఆ తర్వాత రెండు పిన్నులకీ కలిపి ఉత్త రాగి తీగ చుట్టాలి. దాన్నే ఆ దుకాణంలో నోరు కట్టడం అంటారు. కొత్తదైనా పాతదైనా చేతులు మారేటప్పుడు తీసుకునేవాళ్ళు "నోరు కట్టారా?" అని అడగాలి. ఇచ్చేవాళ్ళు "కట్టాను" అని పైకి అనాలి. నోరు కట్టకుండా ఒకరి దారిలో కెపాసిటర్ పెట్టినవాళ్ళు మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి లేదు. ఉత్త బెదిరింపు కాదు, సొంత మేనల్లుణ్ణే అందుకు బయటికి పంపారు. చెల్లెలు వచ్చి ఏడ్చినా కరగలేదు.

చిన్నకోడలికి ఆ బల్ల అంటే ప్రాణం. పుట్టింట్లో ఆమెని ఎందుకూ పనికిరాదనేవారు. ఇక్కడికి వచ్చాక ఏసీలు, హీటర్లు విప్పడం నేర్చుకుంది. మోటారు మూలుగు విని రోగం చెప్పడం నేర్చుకుంది. మూడో ఏటికే మామగారు పనిముట్ల సంచీ ఆమె చేతికిచ్చి, ఇకనుంచి బయటికెళ్ళి చేసే సైటు పనులు నీవే అన్నారు. పెద్దకోడలు ఆ రోజు అన్నం తినకుండా లేచిపోయిందని చిన్నకోడలు గమనించలేదు. గమనించి ఉండాల్సింది.

ఆ తర్వాత లాండ్రీ గొడవ వచ్చింది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. బట్టలు ఆరబెట్టే గదిలో వేడిగాలి బ్లోయరు పనిచేయడం లేదంటే చిన్నకోడలు వెళ్ళింది. కెపాసిటర్ అలమారలోంచి తీసి ఇచ్చింది పెద్దకోడలే. నోరు కట్టారా అని ఈవిడ అడగడం, కట్టానని ఆవిడ అనడం, ఆ నమ్మకం మీద ఈవిడ మీటరు పెట్టి చూడకపోవడం, అన్నీ అయ్యాయి. బిగించింది, బ్లోయరు తిరిగింది, ఇంటికి వచ్చేసింది. మర్నాడు పొద్దున అది మళ్ళీ మూలిగితే లాండ్రీవాడు తెలివి ఉపయోగించి పుల్లతో తోశాడు. మహానుభావుడు తోసింది తిరగాల్సిన వైపు కాదు, వెనక్కి. బ్లోయరు వెనక్కి తిరిగితే గాలి సరిగా రాదు. గాలి లేక హీటరు ఎర్రగా కాలి, గది నిండా ఉన్న దుప్పట్లు మాడి మసయ్యాయి.

లాండ్రీ యజమాని, పనివాళ్ళు, మామగారు, మొత్తం ఎనిమిది మంది ముందు పెద్దకోడలు ఒక మాట అంది. "దానికి కుడెడమలు తెలియవు. తీగలు తిరగేసి బిగించింది." అందరూ వెళ్ళిపోయాక చిన్నకోడలు మోటారు విప్పి చూసింది. తీగలు సరిగ్గానే ఉన్నాయి. చచ్చింది కెపాసిటరు. అది తీసేసిన సరుకు పెట్టెలోదేనని ఆమెకి అనుమానం, కానీ రుజువేది? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ మాట వీధిలో పడింది. కూరలమ్మేవాడి దగ్గర్నుంచి అందరి నోటా ఆమెకి కుడెడమలని పేరు స్థిరపడింది. పెద్దకోడలు ఆ మాట తన నోటితో వెనక్కి తీసుకునేదాకా ఆవిడతో మాట్లాడనని చిన్నకోడలు ఒట్టు పెట్టుకుంది. ఈవిడ సంజాయిషీ అడగడమే తనకి అవమానమని ఆవిడా ఒట్టు పెట్టుకుంది.

అయితే ఒకటి చెప్పాలి. ఈ రెండేళ్ళలో ఒకరినొకరు నోరు కట్టారా అని అడగడం మానేశారు గానీ, కట్టడం మాత్రం మానలేదు. బల్ల మీద ఒకరు పెట్టిన కెపాసిటర్‌ని రెండోవారు చూడకుండా, పిన్నులున్న తల పట్టుకుని ఎత్తేవాళ్ళు. అంత పగలోనూ అదొక్కటి నమ్ముకున్నారు.

ఎండలు మండుతున్న ఒక మధ్యాహ్నం మందుల గోదాము మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. చల్లగది ఆగిపోయిందన్నాడు. సాయంత్రానికి సూదిమందులన్నీ పాడవుతాయన్నాడు. బయటి యూనిట్టు రెండో అంతస్తు గోడకి ఇనప స్టాండు మీద ఉంది, ఒక్కరి వల్ల కాదు.

"ఇద్దరూ వెళ్ళండి," అన్నారు మామగారు.

"నాకు గోడలెక్కే పని ఎందుకులెండి, సైటు పనులకి మహామహులున్నారుగా," అంది పెద్దకోడలు క్యాలెండరు వంక చూస్తూ.

"మందుల కోసం వెళ్ళమంటున్నాను. మీ ముఖాల కోసం కాదు."

వెళ్ళారు. ఆటోలో చెరో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. చిన్నకోడలు నిచ్చెన ఎక్కి, యూనిట్టు వెనక గోడకీ ఇనప కమ్మీలకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఫ్యాను బాగానే తిరుగుతోంది. కంప్రెసరు మాత్రం మూలిగి మూలిగి టక్కున ఆగిపోతోంది. మెయిన్ కట్టించి మూత విప్పింది. విప్పగానే తెలిసిపోయింది. అరచేతి పొడవున్న కెపాసిటర్ తల ఉబ్బింది, ఒక పిన్ను దగ్గర తీగ కాలి ఊడిపోయింది. మోటారు నడుస్తుండగానే తీగ ఊడిందంటే లోపలి కరెంటు దిగే దారి లేదు. లోపలిది లోపలే ఉంది. పనిలో కొత్తగా చేరినవాళ్ళకి కూడా అర్థమయ్యే సంగతి.

రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో ఒడుపుగా బయటికి తీసింది. బల్బు కోసం సంచీలో చెయ్యి పెట్టింది.

సరిగ్గా అప్పుడే కింద మేనేజరు గొడుగులోంచి, "తొందరగా అవుతుందాండీ?" అని అడిగాడు. కొత్త కెపాసిటరు భుజాన ఇంకో సంచీలో వేసుకుని నిచ్చెన ఎక్కుతున్న పెద్దకోడలు సగంలో ఆగి జవాబిచ్చింది.

"అవుతుంది గానీ, పని అయ్యాక గాలి ఎటు వస్తోందో మీరే ఒకసారి చూసుకోండి. పైన ఉన్నావిడకి కుడెడమలు తెలియవు."

మేనేజరు నవ్వాడు. గోదాములో మూటలు మోసేవాళ్ళు ఇద్దరు కూడా నవ్వారు.

చిన్నకోడలి ఒళ్ళు భగ్గుమంది. రెండేళ్ళ పుండు మీద కారం చల్లినట్టయింది. ఎక్కడికి పోయినా ఇదేనా, ఈ మాట తన పాడె దాకా వస్తుందా అనుకుంది. సంచీలో బల్బు చేతికి తగిలింది. తీయలేదు. రాగి తీగ తగిలింది. అదీ తీయలేదు. కెపాసిటర్‌ని స్టాండు అంచున, నిచ్చెన చివరి మెట్టుకి జానెడు దూరంలో పెట్టింది. కడదామనే అనుకుందని తర్వాత తనకి తానే వందసార్లు చెప్పుకుంది. అబద్ధం. పెట్టేటప్పుడు ఆమెకి అన్నీ తెలుసు.

పెద్దకోడలు పైకి వచ్చింది. ముఖమంతా చెమట. ఎడమ చేత్తో మెట్టు పట్టుకుంది. కొత్తది ఇవ్వాలంటే ముందు పాతదాన్ని సంచీలో వేసుకోవాలి. కుడి చెయ్యి చాపింది. ఆమె ఆ కెపాసిటర్ వంక చూడను కూడా లేదు. రెండేళ్ళుగా బల్ల మీద ఎత్తినట్టే, తల పట్టుకుని ఎత్తబోయింది.

ఆ చూడకపోవడం చిన్నకోడలు చూసింది. కింద సిమెంటు నేల. రెండంతస్తుల ఎత్తు. ముట్టుకోవద్దు అందామంటే గొంతులో మాట మూలుగుతోంది గానీ కదలడం లేదు. పోనీ అన్నా లాభమేమిటి? తను వద్దంటే ఆవిడ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వార్నిష్ డబ్బా గుర్తొచ్చింది. ఆవిడ వేళ్ళు పిన్నులకి ఇక రెండంగుళాలు.

చిన్నకోడలు ముందుకి పడి, కెపాసిటర్ తలని తన అరచేత్తో గుప్పున మూసింది.

టప్పుమని పిడుగు పడ్డట్టయింది. చెయ్యి భుజం దాకా తిమ్మిరెక్కి, తల వెనక్కి పోయి గోడకి కొట్టుకుంది. కమ్మీల మధ్య ఇరుక్కుని ఉంది కాబట్టి పడలేదు. కెపాసిటర్ దొర్లి స్టాండు మీదే ఆగింది.

"ఏమైందమ్మా?" అని కింద మేనేజరు అరిచాడు. 

పెద్దకోడలు రెండు చేతులా మెట్టుని కావలించుకుని ఉంది. కెపాసిటర్ వంక చూసింది. పిన్నులకి తీగ లేదు. చిన్నకోడలి అరచేయి చూసింది. రెండు నల్లని మచ్చలు పొగలు కక్కుతున్నట్టున్నాయి. మెల్లగా కిందికి, సిమెంటు నేల వంక చూసింది. రెండేళ్ళ తర్వాత ముఖంలో ముఖం పెట్టి మాట్లాడింది.

"నోరు కట్టలేదా?"

"లేదు."

"మరిచిపోయావా?"

అవునంటే సరిపోయేది. చిన్నకోడలికి ఆ మాట రాలేదు. "మరిచిపోలేదు," అంది.

పెద్దకోడలు మెట్టు మీద కాలు కదిపింది. దిగిపోతుందనుకుంది చిన్నకోడలు. దిగి ఆ మేనేజరుకి చెప్పి, వీధి వీధికీ చెప్పి, మామగారి ముందు నిలబెడుతుందనుకుంది. దిగలేదు. ఎక్కడో చూస్తూ అంది.

"లాండ్రీకి ఇచ్చింది తీసేసిన పెట్టెలోదే."

"తెలిసే ఇచ్చావా అక్కా?" అక్కా అన్న మాట అలవాటు మీద జారిపోయింది. వెంటనే నాలుక కరుచుకుంది.

"తెలిసే ఇచ్చాను. అక్కడ నువ్వు బిగిస్తావు, మోటారు మూలుగుతుంది, నలుగురిలో తలదించుకుని తిరిగొస్తావు, అంతే అనుకున్నాను. పాడుది అది ఆ పూటకి తిరిగింది. గది కాలుతుందని అనుకోలేదు." సంచీ పట్టీ భుజం మీదికి లాక్కుంది. "పదేళ్ళు ఆ సంచీ కోసం అడిగాను. మూడేళ్ళకే నీకిచ్చారు."

ఈ మాట కోసం చిన్నకోడలు రెండేళ్ళు కాచుకుంది. వింటే ఏం చేయాలో కూడా అనుకుని పెట్టుకుంది. ఎనిమిది మందినీ పిలవాలి, లాండ్రీవాణ్ణి ముందు కూర్చోబెట్టాలి, కూరలమ్మేవాడి చెవిలో అరవాలి. ఇప్పుడు మాట చేతికి వచ్చింది. దాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికి వెళుతుంది? వెళితే ఆవిడ మాత్రం ఊరుకుంటుందా? ఆవిడ చేసినదానికి దుప్పట్లు కాలాయి. తను చేసినదానికి మనిషి పోయేది. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, తన పిడికెడే పెద్దదని చిన్నకోడలికి తెలుసు. ఆ క్షణంలో ఆవిడ మీద కోపం తగ్గలేదు. తన మీద రోత పుట్టింది.

పెద్దకోడలు సంచీలోంచి కొత్త కెపాసిటర్ తీసి చాపింది. దాని పిన్నులకి రాగి తీగ మెరుస్తూనే ఉంది. అయినా చిన్నకోడలు చెయ్యి చాపలేదు.

"నోరు కట్టారా?" అని అడిగింది.

"కట్టాను," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఎడమ చేత్తోనే బిగించింది. మీటరు పెట్టి చూసింది. మెయిన్ వేయగానే కంప్రెసరు ఒక్క గుటక వేసి అందుకుంది. గోదాములో చల్లగాలి మొదలైంది. మేనేజరు గొడుగు మడిచి, గాలి ఎటు వస్తోందో చూస్తానని ముసిముసిగా నవ్వాడు. పెద్దకోడలు అతని వంక చూడకుండా నిచ్చెన దించింది.

దుకాణానికి తిరిగొచ్చేసరికి మామగారు మెట్ల మీదే ఉన్నారు. ఆయన కళ్ళు ముందు సంచీ మీద పడ్డాయి. తర్వాత చిన్నకోడలి చేతికి చుట్టిన గుడ్డ మీద ఆగాయి. "విప్పు," అన్నారు. విప్పింది. ఆ రెండు మచ్చల అర్థం ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇది తల మీద పట్టుకున్న దెబ్బ. నోరు కట్టకుండా పెట్టింది ఎవరు?"

ఆయన గొంతు వినగానే చిన్నకోడలికి మేనల్లుడు గుర్తొచ్చాడు. ఆ రోజు కూడా ఇదే గొంతు, ఇవే మెట్లు. బల్ల వంక చూసింది. తను పదును పెట్టుకున్న పట్టకార్లు, తన కుర్చీ, తన స్టూలు. ఇక ఒక్క మాట చాలు. ఆ మాట అనడానికి ఆవిడకి హక్కుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభంలే అనుకుని, తనే చెబుదామని నోరు తెరిచింది.

"ఎవరూ పెట్టలేదు," అంది పెద్దకోడలు.

మామగారు ఆవిడ వైపు తిరిగారు.

"విప్పేటప్పుడు ఏ వైపు పట్టుకోవాలో చూసుకోకుండా పట్టుకుంది. కుడి చేత్తో పట్టుకోవాల్సింది ఏదో, ఎడమ చేత్తో పట్టుకోవాల్సింది ఏదో. ఆవిడకి కుడెడమలు తెలియవని నేను రెండేళ్ళ కిందటే చెప్పాను. మీరే వినలేదు." ఈ మాటలన్నీ గోడకే చెప్పింది. చెప్పి తన కుర్చీలో కూర్చుని, తీగ చుట్టడం మొదలుపెట్టింది.

వీధిలో పోతున్న ఇద్దరు ముగ్గురు ఆగి వింటున్నారు. కూరలమ్మేవాడు తట్ట దించుకుని మరీ వింటున్నాడు.

మామగారు చిన్నకోడలి కళ్ళలోకి చూశారు. "అంతేనా చిన్నమ్మాయ్? నీ నోటితో చెప్పు. నీకు కుడెడమలు తెలియకేనా?"

కాలిన చెయ్యి ఇప్పుడు సలపడం మొదలైంది. పెద్దకోడలి తలకాయ తీగ మీద నుంచి లేవలేదు, కానీ చుట్టే చెయ్యి ఆగింది.

"అవునండీ," అంది చిన్నకోడలు. "నాకు తెలియవు."

తీగ మళ్ళీ తిరగడం మొదలైంది.